సూటిగా అడిగే సీనియర్లు

సంగారెడ్డిలో పాఠం చెప్పే నాకు బాగా తెలిసిన జవాబు ఒకటుంది: ‘మంచిగనే ఉన్న సార్’. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే తల్లిదండ్రుల పిల్లలు అమ్మానాన్నలకూ అదే చెబుతారు. అలా చెప్పిన పిల్లవాడు రెండు రోజులుగా మెస్‌కు రాలేదనీ, తెల్లారేదాకా నిద్రపోవడం లేదనీ హాస్టల్లో పక్క మంచం వాడికే తెలుస్తుంది.

అందుకే కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ‘సన్‌షైన్’ అనే కౌన్సెలింగ్ విభాగం చేస్తున్న పని నాకు విలువైనదిగా కనిపిస్తుంది. అక్కడ కౌన్సెలర్లకు తోడుగా విద్యార్థులే మెంటర్లుగా, బడ్డీలుగా జూనియర్ల బాగోగులు చూసుకుంటారు. 2019లో ఆ క్యాంపస్ ఆత్మహత్యల వల్ల ముగ్గురు విద్యార్థులను పోగొట్టుకుంది. ఆ తర్వాతి ఏళ్లలోనూ విషాదాలు ఆగలేదు. మెంటర్లుంటే చాలని ఎవరూ అనలేరు. కానీ వాళ్లు కూడా లేకపోతే ఆ పక్క మంచం వాడికి తెలిసినది ఎవరి దాకా వెళ్తుంది?

ఇలా మామూలు మనుషులే తోడు నిలవడం కొత్తదేం కాదు. 1953లో లండన్‌లో చాద్ వరా అనే చర్చి గురువు, ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్ల కోసం ఒక ఫోన్ పెట్టాడు. ఆయన్ను కలవడానికి వచ్చినవాళ్లకు వలంటీర్లు టీ ఇచ్చి, పక్కన కూర్చుని వినేవారు. చాలామంది ఆ మాటలతోనే తేలికపడి, ఆయన్ను కలవకుండానే వెళ్లిపోయేవారు. మామూలు మనుషులు వినడంలో ఎంత బలముందో ఆయనకు అక్కడే అర్థమైంది. ఆయన మొదలుపెట్టిన సమారిటన్స్ సంస్థ అలా నిలబడింది.

వినడం కంటే అడగడం కష్టం. ‘చచ్చిపోవాలనిపిస్తుందారా?’ అని అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనందరి భయం. అది నిజం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. అడిగినప్పుడు, ఒంటరిగా మోస్తున్న మాట బయటపెట్టడానికి దారి దొరుకుతుంది. అయితే అడిగినవాడు జవాబు విని బెదిరిపోకూడదు. ‘ఇంత చిన్నదానికేనా’, ‘మీ అమ్మానాన్నల గురించి ఆలోచించవా’ అనకూడదు. రెండో మాట ప్రేమతో అన్నదే అయినా, ఇప్పటికే తాను ఇంటికి భారమనుకుంటున్నవాడి మీద ఇంకో బరువు పెడుతుంది.

‘అన్నా, ఎవ్వరికీ చెప్పకు’ అంటే మాత్రం మాటివ్వొద్దు. ‘నిన్ను ఒక్కణ్నే వదల. ఇద్దరం కలిసి కౌన్సెలర్ దగ్గరికి పోదాం పా’ అనాలి. సీనియర్ చేయాల్సిన పని అక్కడి దాకానే. వైద్యం అతని బాధ్యత కాదు. ఇరవై ఏళ్ల కుర్రాడి మీద ఆ భారం మోపి యాజమాన్యాలు చేతులు దులుపుకోవడం అన్యాయం. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలంది. జూనియర్‌ను వెంటబెట్టుకొని వెళ్లిన సీనియర్‌కు ఆ గది తలుపు తెరిచి ఉండాలి కదా!

మన జిల్లాలో ఇంటర్, డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీలు నడిపేవారిని నేను కోరేది ఇదే: ముందు కౌన్సెలర్‌ను పెట్టండి, ఆ కౌన్సెలర్ చేతే సీనియర్లకు శిక్షణ ఇప్పించండి. ఇది చదువుతున్న విద్యార్థి మిత్రులారా, మీకైనా మీ గదిలోని వారికైనా బతుకు బరువనిపిస్తే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. ఈ రాత్రే చేయండి.