దేహము చేయు ప్రయత్నము

ఒడిశాలోని గంజాం జిల్లా పురుషోత్తంపూరునకు అనతిదూరమున, ఋషికుల్యా తీరమందలి జౌగడ శిలమీద, క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోక చక్రవర్తి చెక్కించిన ధర్మశాసనములలో రెండవది వైద్యమునకు సంబంధించినది. మనుష్యులకును పశువులకును చికిత్స కల్పించుటయు, మూలికలును ఫలములును దొరకని చోట్లకు వానిని తెప్పించి నాటించుటయు, బాటల వెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచుటయు ఆ ఒక్క శాసనమందే చోటు చేసికొన్నవి. చరిత్రకారులు దానిని ప్రజాహితకార్యముల పట్టికగ చదువుదురు. రోగుల మంచముల చెంత బ్రతుకు గడపిన నేను మాత్రము బావిని, నీడను, మూలికను ఒక్కచోట నిలిపిన ఆ దృష్టిని మిక్కిలి గౌరవింతును. ఏలయన మండు వేసవిలో ఈ గంజాం నేలమీద మంచినీటికిని మందునకును నడుమ గల ఎడము అత్యల్పము.

బరంపురమునను దాని చుట్టుపట్లను నర్సింగు విద్యార్థినులకు పాఠము చెప్పుట నా వృత్తి. వ్యాధి దేహమున ఏ దారిని ప్రవేశించి, ఏ ధర్మమును చెరచి, ఏ లక్షణమై బయటపడునో తెలుపు పాథోఫిజియాలజీ యను శాస్త్రము తొలినాళ్లలో వారిని భయపెట్టును. వాపునకు కారణములు నాలుగనియు, షాకునకు దశలు ఇన్ని యనియు వల్లెవేసి, పరీక్షలో అప్పగించి, వార్డులో అడుగుపెట్టిన పిదప ఆ వల్లెవేసిన దానికిని మంచముమీది మనిషికిని సంబంధము కానక తికమకపడు పిల్లలు అనేకులు. అందుచేత నేను మొదటినుండియు వారి చేత ఒకే ప్రశ్న అడిగించుచుందును. చార్టులో ఏ అంకె వేసినను, రోగి ఏ బాధ చెప్పినను, “ఒళ్లు ఇప్పుడేం చేస్తోంది?” అని తమను తాము ప్రశ్నించుకొనవలెను. రోగికి ఏమైనది యను ప్రశ్న డాక్టరుది కూడ. కాని దేహము తన్ను తాను కాపాడుకొనుటకు ఏమి చేయుచున్నదో, ఆ శక్తి ఇంకను ఎంత మిగిలియున్నదో గంటగంటకు కనిపెట్టవలసినది ప్రధానముగ నర్సు.

జీవకణములను ఆవరించియున్న ద్రవము సమస్థితిలో నుండుటయే స్వతంత్రజీవనమునకు ఆధారమని పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు ప్రతిపాదింపగా, అమెరికా దేశీయుడు వాల్టర్ కానన్ ఆ సమస్థితికి హోమియోస్టాసిస్ అని పేరిడి 1932లో వెలువడిన తన గ్రంథమున విపులీకరించెను. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో ప్రకటించిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ గ్రంథారంభముననే, వ్యాధి యనునది చాలవరకు ప్రకృతి చేయు మరమ్మతు యత్నమను భావమును నిలిపినది. ఆ మాట అన్ని వ్యాధులకును సరిపడదు. కాపాడబూనిన ప్రయత్నమే హద్దు మీరి దేహమును దహించుట సెప్సిస్ వంటి వ్యాధులలో చూచుచునే యున్నాము. అయినను లక్షణములలో అధికభాగము వ్యాధి చేసిన గాయము కాదు, దేహము చేయు ఎదురుయత్నమే యను మూలసత్యము చెక్కుచెదరలేదు.

ఇందుకొక ఉదాహరణము. చైత్రమాసపు మంగళవారములందు ఈ జిల్లాలోని తారాతారిణి అమ్మవార్ల కొండకు లక్షలాది జనులు వత్తురు. పసిబిడ్డల తలనీలాలు ఇచ్చుటకు వచ్చు తల్లులలో తెలుగువారును ఉందురు. ఎండలో నిలిచి, ఉపవాసముండి, మెట్లెక్కిన ఒక ముసలమ్మ సొమ్మసిల్లెననుకొందము. “కళ్లు తిరుగుతున్నాయమ్మా, నోరు ఎండుకుపోతోంది” అని ఆమె చెప్పును. నర్సు, “కాస్త పడుకోండి మామ్మగారూ” అనుచు చేయి పట్టుకొనినపుడు ఆ చేయి చల్లగ నుండును. పల్సు వడివడిగ కొట్టుకొనుచుండును. బీపీ చూచిన సరిగనే యుండును. శాస్త్రము తెలియనివారు అంకె బాగున్నదని తృప్తిపడుదురు. చెమటగ నీరు పోయి రక్తపరిమాణము తగ్గినపుడు మెడలోని కెరోటిడ్ ధమనియందును, గుండెనుండి వెడలు మహాధమనియందును గల పీడనగ్రాహకములు ఆ సంగతిని మెదడునకు తెలుపును. వెంటనే గుండె వేగము హెచ్చును. చర్మమునకు పోవు రక్తనాళములు ముడుచుకొని, ఉన్న రక్తమును గుండెకును మెదడునకును మళ్లించును. చేయి చల్లబడుట అందువలననే. మూత్రపిండములు రెనిన్‌ను విడుదల చేయగా ఆంజియోటెన్సిన్, ఆల్డోస్టిరోన్ అను హార్మోనులు ఉప్పును పట్టి నిలుపును, మెదడునుండి వెలువడు మరియొక హార్మోను నీటిని మూత్రముగ పోనీయక ఆపును, దప్పిక పుట్టును. ఆ ముసలమ్మ చెప్పిన ప్రతి మాటయు, నర్సు చేతికి తగిలిన ప్రతి గుర్తును, బీపీ పడిపోకుండుటకై లోపల జరుగుచున్న మహాప్రయత్నమునకు సాక్ష్యములే.

ఆదాయము పడిపోయిన గృహస్థు వీధిగుమ్మపు మర్యాద చెడకుండ నగలొక్కటొక్కటిగ కుదువబెట్టుచు వచ్చినట్లు, దేహము కూడ లోపలి అవయవముల వాటాను తగ్గించి బీపీ అంకెను నిలుపుకొనుచుండును. రక్తస్రావమునందు ఈ సంగతికి లెక్కలును కలవు. సుమారు ఐదు లీటర్ల రక్తముగల వయోజనునకు ముప్పాతిక లీటరు పోయినను బీపీ మారకపోవచ్చును. లీటరున్నర దాక పోయినను పై అంకె నిలిచియే యుండవచ్చును, కాని అప్పటికే పల్సు నూరు దాటియుండును, పై అంకెకును క్రింది అంకెకును నడుమ ఎడము సన్నగిల్లియుండును. కనుక బీపీ పడిపోవుట కీడునకు తొలి వార్త కాదు, ప్రయత్నము ఓడిపోయినదను తుది వార్త. తొలి వార్తలు పల్సులోను, వ్రేళ్ల చల్లదనములోను, ముఖ్యముగ మూత్రపు సంచిలోను ఉండును. అరువది కిలోల మనిషికి గంటకు ముప్పది మిల్లీలీటర్లకంటె తక్కువగ మూత్రము వచ్చినచో మూత్రపిండమునకు రక్తము చాలుట లేదేమోయని అప్పుడే సందేహింపవలెను.

ఆ యత్నము విరిగిన తీరు ఒడిశా ప్రజలు 1998 వేసవిలో కన్నులార చూచిరి. వడదెబ్బకు ఆ యేట ఈ రాష్ట్రమున రెండువేలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఒక లీటరు చెమట చర్మముమీద ఆవిరియైనపుడు సుమారు 580 కిలో కేలరీల వేడిని తీసికొనిపోవును. కాని సముద్రపుగాలి తేమతో నిండిన మన తీరప్రాంతమున చెమట ఆవిరికాక కారిపోవును, నీరు నష్టమగును, చల్లదనము మాత్రము దక్కదు. ఒంటివేడి నలుబది డిగ్రీల సెల్సియస్ దాటి, మాట తడబడి, స్మృతి తప్పినపుడు అది వడదెబ్బ. ఇచ్చట శాస్త్రము తెలిసినవారికిని తెలియనివారికిని భేదము ప్రాణముల మీదికి వచ్చును. జ్వరమునందు మెదడులోని ఉష్ణనియామకము తానే తన లక్ష్యమును పైకి జరుపుకొనును. పారాసెటమాల్ ఆ లక్ష్యమును క్రిందికి దించును గనుక పనిచేయును. వడదెబ్బయందు లక్ష్యము ఉన్నచోటనే యున్నది, వేడిని పోగొట్టు సాధనము కూలినది. అందుచేత ఆ మాత్ర ఇట నిష్ప్రయోజనము. బట్టలు వదులు చేసి, ఒళ్లంతయు తడిపి, గాలి విసరుటయే మొదటి చికిత్స. బరంపురములో 1962లో నెలకొన్న మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల ఆసుపత్రికి తరలించువరకు ఆగక, నిలిచిన చోటనే అది ఆరంభము కావలెను.

వాపు సంగతి ఇంకను విచిత్రము. కాలు వాచినదన్న ఒక్క మాట వెనుక వేర్వేరు కథలుండును. గుండె బలహీనమైనపుడు సిరలలో ఒత్తిడి పెరిగి నీరు బయటికి నెట్టబడును. కాలేయమో మూత్రపిండమో చెడి రక్తమున ఆల్బుమిన్ తగ్గినపుడు నీటిని లోపల పట్టియుంచు శక్తి క్షీణించును. మంటపుట్టిన చోట రక్తనాళపు గోడలు సందులిచ్చును. నాల్గవది శోషరసనాళములు మూతపడుట. గంజాం, పూరి జిల్లాల పల్లెలలో తరతరములుగ బోదకాలని జనులెరిగినది ఇదియే. క్యూలెక్స్ దోమ మోసికొనివచ్చు పురుగు ఆ నాళములలో కాపురముండి వానిని చెరచును. దాని సూక్ష్మశిశువులు రాత్రివేళనే రక్తమున సంచరించును గనుక రక్తపరీక్షయు రాత్రియే చేయుదురు. వానిని సంహరించు డైఇథైల్ కార్బమజైన్ భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వమున అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలనుండి 1947లో లోకమునకు వచ్చినది. తెలుగువాడు కనుగొన్న మందు తెలుగువారుండు ఈ జిల్లా గ్రామములలో ఇంటింటికి పంచబడుట నాకు గర్వకారణము. కాని ఆ మందు చెడిన నాళములను తిరిగి బాగుచేయజాలదు. శోషరసము నిలిచిన కాలిలో వ్రేళ్ల నడుమ చిన్న పగులు చాలును, సూక్ష్మజీవులు చొరబడి జ్వరమును వాపును మాటిమాటికి రేపును, ప్రతిమారును కాలు మరింత లావెక్కును. అందువలన నిత్యము సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి ఆరబెట్టి, పడుకొనునపుడు కాలు ఎత్తుమీద నుంచుటయే ఆ దశలో ఉత్తమచికిత్స. అది పూర్తిగ నర్సు నేర్పవలసిన పని. కారణము తెలియని నర్సునకు అది తీరిక వేళ చెప్పు సలహాగ తోచును, తెలిసిన నర్సునకు అదియే మందు.

ఆ సుబ్బారావే 1929లో సైరస్ ఫిస్కేతో కూడి, కండరములలో ఏటీపీ యను శక్తిద్రవ్యమును వెల్లడించెను. అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. ప్రతి వ్యాధియు తుదకు కణములో ముగియును. రక్తము చాలక ప్రాణవాయువు అందనపుడు ఏటీపీ తరుగును. సోడియమును బయటికి తోడు యంత్రము ఆగును. సోడియముతో నీరు చొరబడి కణముబ్బును. ఆ ఘట్టమున రక్తము తిరిగి అందిన కణము కోలుకొనును, ఆలస్యమైనచో చచ్చును. నర్సు తొందర యెంత విలువైనదో తెలుపుటకు ఇంతకు మించిన పాఠము నాకు దొరకలేదు. మరియొక పాఠము కలరా నేర్పును. అందు విషము ప్రేగుచేత ఉప్పునీరు కక్కించును గాని, గ్లూకోజును సోడియమును జంటగ లోనికి గొనిపోవు ద్వారము చెడదు. 1971లో బొంగావ్ శరణార్థి శిబిరమున డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైను చాలక, గ్లూకోజు, ఉప్పు కలిపిన నీరు త్రాగించి వేలమందిని బ్రతికించుట ఆ చెడని ద్వారమును నమ్ముకొనుట వలననే సాధ్యమైనది. దేహమునకు ఇంకను చేతనైనదేదో కనిపెట్టి దానికి తోడ్పడుటయే చికిత్స.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పి, వైద్యుడు, ఔషధము, రోగి యను మూడింటి సరసన పరిచారకునికిని స్థానమిచ్చినది. ఉపచారజ్ఞానమును అతనికి ఉండవలసిన గుణములలో చేర్చినది. నేడు మన పిల్లలు ఆ జ్ఞానమును ఇంగ్లీషు నోట్సులో వ్రాసికొందురు, రోగి మాత్రము ఒడియాలోనో తెలుగులోనో మూలుగును. 1936లో మద్రాసు రాజధానినుండి ఒడిశాలో చేరిన ఈ జిల్లాలో రెండు భాషలును ఒకే వార్డులో వినవచ్చును. కావున ప్రతి వ్యాధిగతిని ఒకసారి ఇంగ్లీషులోను, ఒకసారి మంచముమీది మనిషికి తెలియు మాటలలోను చెప్పవలసినదని నేను పిల్లలను కోరుదును. ఇంటిభాషలో చెప్పజాలని విషయము మనకింకను అర్థము కాలేదన్నమాట.

డాక్టరు రోగి చెంత నిమిషములు గడపును. నర్సు రాత్రియంతయు ఉండును. ఈ శాస్త్రము నర్సునకు పైమెరుగని తలచువారు ఆ రాత్రిని లెక్కలోనికి తీసికొనరు. కారణము నేర్వని అమ్మాయి బీపీ బాగున్నదని వ్రాసి తెల్లవారువరకు వేచియుండును. నేర్చిన అమ్మాయి రెండవ జామున ఫోను చేసి, “బీపీ బాగానే ఉందండి, కానీ గంటలో పల్స్ తొంభై నుంచి నూటపదహారుకి పెరిగింది, యూరిన్ రావడం లేదు, చేతులు చల్లబడ్డాయి, మీరు వెంటనే రావాలి” అని చెప్పగలదు. ఆమె కంఠములోని స్థైర్యమునకు మూలము చదివిన శాస్త్రము. ఆ స్థైర్యము ఇయ్యలేని నర్సింగు విద్య, ఎన్ని పట్టములు పంచినను, తన కర్తవ్యమును నెరవేర్చినట్లు కాదు.