ఫారిన్ చదువు: ఊరి భూమి, వాడ ప్రశ్న

పల్నాట ఫారిన్ చదువుల గురించి మాట్లాడేవాళ్లంతా పిల్లల తెలివి గురించే చెబుతారు. భూమి ఊసెత్తరు. సాగర్ కుడికాలువకి 1967లో నీళ్లొదిలారు. ఆ నీళ్ల కింద ఎకరాలున్న ఆసామి కొడుక్కి బ్యాంకులో అప్పు పుడుతుంది. ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతుంది మరి. అదే చేలో మిరపకాయలు కోసే మాల మాదిగ తల్లి ఏం తాకట్టు పెట్టాలి, కల్లంలో లేచే ఘాటునా?

అందుకే వాడ పిల్లలకి స్కాలర్‌షిప్పు తప్ప వేరే దారి లేదు. అసలు పేచీ అక్కడే ఉంది. 2022లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు నిబంధనలు మార్చింది. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధన చేస్తామంటే డబ్బివ్వబోమంది. ఇక్కడి విషయం ఇక్కడే చదువుకోవచ్చు గదా అన్నది దానికి చెప్పిన సమర్థన.

ఈ నిబంధన పక్కనపెట్టుకుని బాబాసాహెబ్ విద్యార్థి జీవితాన్ని మళ్లీ చదవాలి. ఆయన 1913లో బరోడా మహారాజు ఇచ్చిన నెలకి 11.5 పౌండ్లతో కొలంబియా వెళ్లారు. 1916 మేలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో చదివిన పత్రం దేని మీద? భారతదేశంలో కులాల పుట్టుక మీద! 2022 నాటి గుమాస్తా ఆనాడు బరోడాలో కూర్చునుంటే ఆ దరఖాస్తు పక్కకి పోయేదే. మహారాజుకున్న పాటి ఓర్పు కూడా ప్రజాస్వామ్య సర్కారుకి లేకపోయింది. కంప్యూటర్లు నేర్చుకోండి, రాళ్లెవరు మోశారో మాత్రం అడక్కండి అన్నట్టుంది వ్యవహారం.

దూరం పోతే ఏం కనబడుతుందో గిడ్ల సుజాత పుస్తకం 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' (2017) చెబుతుంది. ఖాజీపేటలో పుట్టి, 26వ యేట అమెరికా వెళ్లిన ఆమెకి తన కుటుంబ కథలు సిగ్గుపడాల్సినవి కావని అక్కడి స్నేహితులతో మాట్లాడాకే తెలిసింది. మేనమామ సత్యమూర్తి (మన శివసాగరే) గుంటూరు ఏ.సి. కాలేజీలో కలిగినోళ్ల పిల్లల మధ్య పడ్డ పాట్లు చదివితే పల్నాటి హాస్టలు పిల్లలకి ఎక్కడో తగులుతుంది. అయితే అమెరికా బతుకు గురించి ఆమె చెప్పింది తక్కువ. నాకది లోటుగానే తోచింది.

ఎందుకంటే కులం కూడా విమానం ఎక్కింది. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లోనూ, కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 2022లోనూ వివక్ష నిషేధ నియమాల్లో కులం అన్న మాట చేర్చాయి. అక్కడ తెల్లోడి వివక్ష గురించి మనోళ్లు గట్టిగానే మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. మరి రూములో చేరిన తెలుగు కుర్రాణ్ణి 'ఏ ఊరు, ఇంటిపేరేంటి' అని ఆరా తీసేది తెల్లోడు కాదే! ఆ ఆరా గురించి అక్కడే కూర్చుని థీసిస్ రాయాలనుకునే మాచర్ల పిల్లకి, ఇది 'ఇక్కడి విషయం' అని ఏ మొహం పెట్టుకుని చెబుతారు?