జిగటతో రాజీ

బెండకాయ వేపుడులో మా అమ్మది అందెవేసిన చెయ్యి. కాయలు కడిగి, పాత చీరముక్కతో ఒక్కొక్కటీ తుడిచి, పళ్లెంలో ఆరబోసి, అప్పుడు కత్తిపీట ముందేసుకుని కూర్చుంటుంది. మూకుట్లో నూనె ధారాళంగా పోస్తుంది. మూత పెట్టనివ్వదు. ఉప్పు దించబోయే ముందుగానీ చల్లదు. ఈ తతంగమంతా జిగట పోవడానికే. ముక్కకు ముక్క అంటుకుందంటే వండినవాళ్లకు వంట రాదనే లెక్క మా ఇంట్లో. నాకు అబ్బిందీ ఆ విద్యే.

పోయిన ఏడాది రక్తపరీక్షలో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 164 అని వచ్చింది. అది 100 లోపుంటే మంచిది, 190 దాటితే సాధారణంగా మాత్ర తప్పదు. నాది మధ్యరకం. షుగరూ బీపీ లేవు, గుండెజబ్బు లేదు. అందుకని డాక్టరుగారు మూడు నెలలు గడువిచ్చి, తిండి మార్చి రమ్మన్నారు.

కబురు పొక్కగానే తెలిసినవాళ్లంతా తలా ఒక గ్లాసు చెప్పారు. ఒకరిది వెల్లుల్లి పాలు, ఒకరిది దాల్చినచెక్క కషాయం, పక్కింటి పిన్నిగారిది మెంతుల నీళ్లు. మెంతులు ఇంట్లోనే ఉన్నాయి కదా అని అదే మొదలెట్టాను. రాత్రి చెంచాడు నానేసి, పొద్దున నీళ్లు వడగట్టుకుని తాగి, గింజలు తులసి కుండీలో పోసేదాన్ని. ఒకరోజు ఆ గింజల్లో చెంచా తిప్పి పైకెత్తితే జిగురు తీగలా సాగింది. మాటవరసకి డాక్టరుగారితో అంటే ఆయన నవ్వి, "సరుకు పారబోసి కడుగునీళ్లు తాగుతున్నారమ్మా" అన్నారు.

పనిచేసేది ఆ జిగటేనట. కరిగే పీచు అంటారు దాన్ని. కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పిత్తరసం తయారుచేస్తుంది. కొవ్వును అరిగించాక ఆ రసంలో చాలా భాగం పేగుల నుంచి వెనక్కి వెళ్లి మళ్లీ వాడకంలో పడుతుంది. దారిలో జిగట ఎదురైతే కొంత రసాన్ని పట్టుకుని బయటికి ఈడ్చుకుపోతుంది. అప్పుడు కొత్త రసానికి ముడిసరుకు కోసం కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది.

అయితే అది చెంచాడు మెంతులతో తేలే పని కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో షుగరు ఉన్నవాళ్లకు నూనె తీసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాముల చొప్పున పెట్టారు. కొలెస్ట్రాల్ తగ్గింది, నిజమే. కానీ వంద గ్రాములంటే మా ఇంట్లో నెల పోపులకు సరిపోయే సరుకు. అంత చేదు మింగడం నా వల్ల కాదు.

రోజుకు 5 నుంచి 10 గ్రాముల కరిగే పీచు తింటే ఎల్‌డీఎల్ దాదాపు 5 శాతం తగ్గుతుంది. దాన్ని ఒక్క గ్లాసులో వెతకడం మాని నాలుగు గిన్నెల్లోకి పంచాను. ఓట్స్ జావ, బార్లీ, ఉడకబెట్టిన అలసందలు, జామకాయ, వారానికి రెండుసార్లు గోరుచిక్కుడు. ఐస్‌క్రీముల్లో వేసే గ్వార్ గమ్ ఆ గోరుచిక్కుడు గింజల జిగురే.

ఇక బెండకాయ. ఇన్నేళ్లూ జిగటను తరిమికొట్టడానికని ఎంత నూనె పోశానో! అదీ పామాయిల్. అందులో సగం సంతృప్త కొవ్వే. పల్లీ నూనెలో అది ఇంచుమించు ఐదో వంతే. కాలేయం ఎల్‌డీఎల్‌ను లాక్కునే వేగాన్ని మందగింపజేసేది ఆ కొవ్వే. నూనె మార్చాను, నెల మొదట్లోనే మనిషికి అర లీటరు చొప్పున కొలిచి సీసాల్లో పోసిపెట్టాను. మొదటి నెల ఇరవయ్యో తారీఖుకే సీసాలు ఖాళీ. మిగతా పది రోజులూ పప్పులూ పులుసులే. రెండో నెల ఇరవై ఆరు దాకా లాక్కొచ్చాను.

మూడు నెలలకు 139. చాలామంది మెచ్చుకున్నారు: "మాత్ర లేకుండా సహజంగా తగ్గించుకున్నావ్!" ఆ మాట మా తమ్ముడి ముందు అంటే నాకు ఇబ్బంది. వాడు నాకంటే సన్నం, వేపుడు ముట్టడు, రోజూ గంట నడుస్తాడు. అయినా వాడిది 210. పుట్టుకతో వచ్చిన వాటాకి పులుసులు చాలవు, మాత్ర వేసుకుంటాడు. ఆ జాతి మాత్రలకు మూలమైన పదార్థాన్ని 1973లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో పట్టుకున్నది బూజులోనే. బూజు మాత్రం సహజం కాదా?

మొన్న ఆదివారం బెండకాయ పులుసు పెడదామని కాయలు ముందేసుకున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుని, చీరముక్క తీసుకుని ఒక్కొక్కటీ తుడవడం మొదలెట్టింది. "పులుసుకేనమ్మా, తుడవక్కర్లేదు" అన్నాను. "సరేలే" అంటూనే గిన్నె ఖాళీ అయ్యేదాకా తుడిచింది. నవ్వుకుంటూ పొయ్యి వెలిగించి, పోపుకి చెంచాతో నూనె కొలిచాను. చెంచా నిండాక కూడా నా మణికట్టు ఇంకాస్త వంగింది.