నేరం, సైకోపతీ, ‘మాలపల్లి’: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగు కథా విమర్శలో క్రూరపాత్రను ‘సైకో’ అనడం అలవాటైంది. ఆ మాట పాత్ర చేసిన పనిని చెబుతుందే కాని, ఆ పాత్ర అలా ఎందుకు తయారైందో చెప్పదు. గుంటూరు సీమ నేపథ్యం గల ‘మాలపల్లి’ ఆధారంగా ఈ వాడుకను పరీక్షించడం ఈ వ్యాసోద్దేశం.

2. సైకోపతీ: లక్షణాలు, పరిణామం

హెర్వీ క్లెక్లీ 1941లో వెలువరించిన ‘ది మాస్క్ ఆఫ్ శానిటీ’లో, పైకి ఆకర్షణీయంగా కనిపిస్తూ పశ్చాత్తాపం, గాఢమైన అనుబంధం లోపించిన వ్యక్తులను వర్ణించాడు. అనంతరం రాబర్ట్ హేర్ 20 అంశాల కొలమానాన్ని రూపొందించాడు. భ్రాంతులకు లోనై వాస్తవస్పృహ కోల్పోయే సైకోసిస్ దీనికి భిన్నమైనది. నేరస్థులందరూ సైకోపత్‌లు కారు. కవలలపై జరిగిన అధ్యయనాలు వంశపారంపర్య ప్రభావాన్ని చూపినా, అది ఒక్కటే వ్యక్తిని నిర్ణయించదు. బాల్యంలో ఎదురైన హింస, నిరాదరణ లేదా లభించిన ఆప్యాయత ఆ స్వభావపు గతిని మార్చగలవు.

3. వెంకటదాసు, చౌదరయ్య

ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రచించగా 1922లో వెలువడిన ఈ నవలలో, కూలీల పక్షాన నిలిచిన సంగదాసు భూస్వామి చౌదరయ్య దెబ్బకు మరణిస్తాడు. సోదరుడు వెంకటదాసు దోపిడీల బాట పట్టి, దోచినది పేదలకు పంచుతాడు. చట్టం దృష్టిలో అతడు కరుడుగట్టిన నేరస్థుడు. కాని సైకోపతీకి మూలమైన సహానుభూతి లోపం అతనిలో లేదు. అతని తిరుగుబాటుకు అనుబంధమే ప్రేరణ. అలాగని చౌదరయ్యను సైకోపత్ అనడమూ పొరపాటే. కూలివాని ప్రాణాన్ని తేలికగా చూడడం అతనికి ఆనాటి కుల, భూస్వామ్య వ్యవస్థ నేర్పిన కాఠిన్యం. దానిని వ్యక్తిగత రుగ్మతగా చూపితే వ్యవస్థ నిర్దోషిగా మిగులుతుంది.

4. స్టూవర్టుపురం అనుభవం

ఈ ముద్ర ప్రమాదానికి బాపట్ల సమీపంలోని స్టూవర్టుపురమే నిదర్శనం. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఆ తరువాత సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కుటుంబాలను ఇక్కడ స్థిరపరచారు. పుట్టుకే అనుమానానికి ఆధారమైంది. ఆ చట్టం 1952 నాటికి రద్దయినా, ఊరి పేరు మాత్రం వ్యవహారంలో దొంగతనానికి పర్యాయపదంగా మిగిలింది.

5. ముగింపు

పాత్రను సైకోపత్‌గా నిర్ధారించే ముందు విమర్శకుడు ఆ పాత్ర నేరాన్ని మాత్రమే కాక, అనుబంధాలను, పశ్చాత్తాపాన్ని, గతాన్ని కూడా పాఠంలో వెతకాలి. అవి లభించనిచోట ఆ పదాన్ని వాడకపోవడమే ఉచితం.