ఆరో నంబరు ఫారం

జనవరి 25 వచ్చిందంటే కాలేజీ పిల్లలతో ర్యాలీ తీయిస్తారు, చెయ్యి చాపించి ప్రతిజ్ఞ చేయిస్తారు. 2011లో జాతీయ ఓటర్ల దినోత్సవం మొదలైనప్పటి నుంచీ ఇదే తంతు. ప్రతిజ్ఞకు బదులు ఓ బల్ల, పక్కన జిరాక్స్ మిషన్ పెడితే నయమని నా మొండి అభిప్రాయం.

కొత్త ఓటు గల్లంతయ్యేది పోలింగ్ నాడు కాదు, దానికి ఎన్నో నెలల ముందు, ఓటరు నమోదుకిచ్చే ఆరో నంబరు ఫారం నింపకుండా వదిలేసినప్పుడు. కరీంనగర్‌లో అప్పుడప్పుడు డిగ్రీ పిల్లల పక్కన కూర్చొని ఆ ఫారాలు నింపిస్తుంటాను. ఎక్కువగా వినబడే ప్రశ్న ఇది: "ఆధార్ ఉన్నది గద సార్, ఓటెందుకు లేకుంట పోతది?"

"జాబితాల పేరుండాలె బిడ్డా. పేరుంటే ఆధార్ చూపిచ్చినా ఓటేయనిస్తరు. లేకుంటే ఏ కార్డూ అక్కరకు రాదు."

1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. అయినా జనవరి 1 నాటికి పద్దెనిమిది నిండితేనే ఆ ఏడు లెక్కలోకి వచ్చేది. ఫిబ్రవరిలో పుట్టిన పిల్ల మళ్లీ జనవరి దాకా ఆగాల్సి వచ్చేది. 2022 నుంచి ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలూ కలిశాయి. పదిహేడు నిండితే ముందే దరఖాస్తు ఇవ్వొచ్చు. నేను చూసిన పిల్లల్లో ఈ ముక్క తెలిసినవాళ్లు అరుదు.

చిక్కంతా చిరునామా దగ్గర. ఉట్నూరు, ఆసిఫాబాద్ నుంచి వచ్చి ఇక్కడి హాస్టళ్లలో ఉంటున్నవాళ్ల పెన్ను అక్కడే ఆగుతుంది. కాలేజీ బోనఫైడ్‌తో ఇక్కడా నమోదు కావచ్చు, సొంతూర్లోనూ కావచ్చు. రెండు చోట్లా కుదరదు. నేనైతే ఊరే రాయమంటాను. 2018లో ఆసిఫాబాద్ ఎమ్మెల్యే గెలిచింది 171 ఓట్ల ఆధిక్యంతో, ధర్మపురిలో తేడా 441. సర్పంచి, వార్డు మెంబరు ఎన్నికల జాబితాకూ ఆధారం ఈ పేర్లే. పండక్కి పోయే ఊరికి ఓటుకూ పోవచ్చు.

జగిత్యాల, సిరిసిల్ల పిల్లలది మరో గోస. "దుబాయ్ పోతున్న, నాకెందుకు సార్?" విదేశాల్లో ఉన్నవాళ్లకు 6ఎ ఫారం ఉంది. కానీ ఓటేయాలంటే పాస్‌పోర్ట్ పట్టుకొని సొంత బూత్‌కు రావాల్సిందే. పోస్టులో పంపే వీలు లేదు, ఇంకొకరితో వేయించే వీలూ లేదు. సెలవు దొరకని కూలీని టికెట్ కొనుక్కొని రమ్మనడానికి నాకు నోరు రాదు. అతని ముందు నా ప్రచారం సాగదు, దారి చూపాల్సింది ఢిల్లీ వాళ్లు.