శిల్పానికి కుడి ఎటు?

వైద్య కళాశాలలో అనాటమీ పాఠం మొదలయ్యేది నిలబడటంతో. పాదాలు దగ్గరగా, చేతులు పక్కలకు వదిలి, అరచేతులు ముందుకు తిప్పి, చూపు ఎదురుగా. ముందు, వెనుక, పైన, కింద, లోపలివైపు, బయటివైపు, ఏది చెప్పినా ఈ నిలువు నుంచే లెక్క. మనిషి పడుకున్నా, తలకిందులుగా వేలాడినా తల వైపే ‘పైన’. కుడి అంటే రోగి కుడే, ఎదురుగా ఉన్న డాక్టరు కుడి కాదు. ఈ కట్టుబాటు లేకపోతే రెండు ఊళ్ళ డాక్టర్లు ఒకే రోగి గురించి మాట్లాడుకోలేరు.

నాట్యానికీ అదే అవసరం పడింది. గురువు ఎదుట ఉంటే ‘అలా కాదు, ఇలా’ అంటే సరిపోతుంది. గురువు లేనిచోటికీ, పుట్టని తరానికీ ఆ కదలిక చేరాలంటే దానికో పేరు కావాలి, కొలత కావాలి. భరతుడి నాట్యశాస్త్రం ఆ పని ఎంత ఓపికగా చేసిందో చూస్తే నాకు ఎప్పుడూ గౌరవమే కలుగుతుంది. తల, చేతులు, రొమ్ము, పక్కలు, నడుము, పాదాలు అంగాలు. కళ్ళు, కనుబొమలు, ముక్కు, పెదవి, చెక్కిళ్ళు, గడ్డం ఉపాంగాలు. తలకు 13 కదలికలు చెప్పింది. రొమ్ము, పక్కలు, నడుము, తొడలు, పిక్కలు, పాదాలు ఒక్కొక్కదానికీ ఐదేసి స్థితులు చెప్పింది. చేయీ కాలూ కలిసిన 108 కరణాలనూ చెప్పింది. విడివిడి భాగాలూ ఉన్నాయి, వాటి కూర్పూ ఉంది.

పాదాన్నే తీసుకుందాం. నేల మీద చదునుగా ఆనితే సమం. మునివేళ్ళ మీద లేచి మడమ నేలకు కొడితే ఉద్ఘట్టితం. మడమ నేలకు ఆనించి, పాదం ముందుభాగం లేపి, వేళ్ళు విప్పితే అంచితం. మడమ లేచి, వేళ్ళు వంగి, పాదం మధ్యలో ముడుచుకుంటే కుంచితం. మడమ లేచి, బొటనవేలు ముందుకు సాగి, తక్కిన వేళ్ళు వంగితే అగ్రతలసంచరం. డాక్టరు ఇవే కదలికల్ని చీలమండ కీలు ఎటు వంగిందన్న దాన్నిబట్టి చెబుతాడు. నాట్యాచార్యుడు పాదంలో ఏ భాగం నేలను తాకుతోందో చూసి చెబుతాడు. నర్తకికి నేలే వాద్యం కాబట్టి ఈ లెక్క ఆమెకు సరిగ్గా సరిపోతుంది. కూచిపూడి క్లాసులో ‘అంచితం’ అనగానే పిల్లల మడమలన్నీ ఒక్కసారి నేలను తాకి, వేళ్ళు పైకి లేస్తాయి. ఆ ఒక్క మాట వెనుక మరో వివరణ అక్కర్లేదు.

నిలువుల దగ్గర శాస్త్రం కొలత కూడా ఇస్తుంది. వైష్ణవ స్థానంలో పాదాల మధ్య ఎడం రెండున్నర తాలాలు, వైశాఖంలో మూడున్నర, మండలంలో నాలుగు. చాచిన బొటనవేలి కొస నుంచి నడిమివేలి కొస దాకా ఒక తాలం, దాదాపు మన జేన. ఎవరి జేన వాళ్ళదే కాబట్టి పదేళ్ళ పిల్లకూ, ఆరడుగుల మనిషికీ నిలువు వాళ్ళ వాళ్ళ ఒంటికి తగ్గట్టే కుదురుతుంది. అడుగుల్లోనో అంగుళాల్లోనో రాసి ఉంటే ఈ పొందిక దక్కేది కాదు.

మండలంలో నిలబడి కుడి పాదాన్ని ఐదు తాలాల దూరానికి చాచితే ఆలీఢం. కుడి కాలు వంచి ఎడమ కాలు చాచితే ప్రత్యాలీఢం. ఆయుధాన్ని సంధించేది ఆలీఢంలో, వదిలేది ప్రత్యాలీఢంలో అంటుంది శాస్త్రం. గుడి గోడ మీద విలుకాడిని చూసేటప్పుడు మన కుడిని బట్టి చదివితే, బాణం ఎక్కుపెట్టేవాడు వదిలేసినవాడైపోతాడు. శిల్పం కుడి శిల్పానిదే. డాక్టరు కట్టుబాటు శిల్పం చూసేవాడికీ కావాలన్నమాట.

ఈ పేర్లకు ఎంత శక్తి ఉందో తెలుగునాట కళ్ళారా చూశాం. కాకతీయ గణపతిదేవుడి గజసేనకు అధిపతి జాయప సేనాని. యుద్ధవిద్య తెలిసిన ఆ మనిషి 1253-54లో సంస్కృతంలో నృత్తరత్నావళి పూర్తి చేశాడు. ఎనిమిది అధ్యాయాలు. మొదటి నాలుగు భరతుడి మార్గానికి, తక్కినవి దేశికి, అంటే ప్రాంతాల్లో వాడుకలో ఉన్న నృత్యాలకు. నాకు ఎక్కువ విలువైనది ఆ రెండో సగం. శాస్త్రంలో చోటు దొరకని ఆటలను కూడా ఆయన అంత శ్రద్ధగానే గమనించి వర్ణించాడు. పేరిణి అనే నృత్యం అలా మనకు దక్కింది.

అప్పటికి నలభై ఏళ్ళ ముందే, 1213లో, రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. దాని స్తంభాల మీద, నల్లరాతి మదనిక శిల్పాల్లో నర్తకుల ఒళ్ళు ఆ కాలపు వంపులతో నిలిచి ఉంది. రాయి ఒక క్షణాన్నే పట్టి ఉంచగలదు. కాలు అక్కడికి ఎలా వచ్చిందో, తర్వాత ఎటు పోతుందో అది చెప్పదు. గ్రంథం కదలికను చెబుతుంది కానీ ఆకారాన్ని కళ్ళకు కట్టలేదు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఏళ్ళ తరబడి శ్రమించి, మరుగున పడ్డ పేరిణికి మళ్ళీ ప్రాణం పోశారు. 1985 శివరాత్రికి రామప్ప గుడి ముంగిట అది ప్రదర్శనకు వచ్చింది. ఆ పునర్నిర్మాణంలో ఆయన ఊహ కూడా ఉంది, ఉండక తప్పదు. అయితే స్థానాలకు, పాదభేదాలకు పేర్లే లేకపోయి ఉంటే ఆ ఊహకు కాలు మోపే చోటు ఉండేది కాదు.

ఇప్పటి పరీక్షల్లో శిరోభేదాల శ్లోకం గడగడా ఒప్పజెప్పే పిల్లలు చాలామంది ఉన్నారు. అందులో ధుతం అంటే తల అటూ ఇటూ తిప్పడం, కంపితం అంటే పైకీ కిందికీ ఆడించడం. శ్లోకం ఆగకుండా చెబుతూనే రెంటినీ కలిపేసేవాళ్ళూ కనిపిస్తారు. తప్పు పిల్లలది కాదు. పేరు నోటికి ఒకరోజు, కదలిక ఒంటికి ఇంకోరోజు నేర్పితే అంతే అవుతుంది. మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలిచే అరమండి దగ్గర ఇది మరీ ప్రమాదం. ‘పాదాలు పక్కలకు తిప్పు’ అని మాత్రమే చెబితే పిల్లలు చీలమండనే తిప్పుతారు, మోకాళ్ళు ముందుకే ఉండిపోతాయి. ఆ మెలిక బరువంతా మోకాలి కీలు మీద పడుతుంది. తిరగాల్సింది తుంటి దగ్గర తొడ. మోకాలు పాదం చూసే వైపే చూడాలి. తొడకు వేరుగా, పిక్కకు వేరుగా, పాదానికి వేరుగా పేర్లున్న సంప్రదాయం చేతిలో ఉన్న గురువు, తిరగాల్సింది ఏదో ఆ పేరుతోనే పిలిచి, అక్కడ చేయి వేసి చూపాలి.