పట్టిక ముందా, కాటా ముందా?

రికార్డు పుస్తకాల మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఈ వారం ఏలూరులో కొందరు విద్యార్థుల రికార్డులు తిరగేశాను. పలుగురాయి సాంద్రత 2.65. పక్కవాడిదీ 2.65. ఆ వెనకవాడిదీ అంతే. నిజంగా తూచినవాళ్లకు ఒకరికి 2.6, ఇంకొకరికి 2.7 రావాలి. అందరికీ పట్టికలోని అంకే వచ్చిందంటే రాయి నీళ్లలో మునగలేదన్నమాట.

కొల్లేటి ఒడ్డున తెలిసిన మాస్టారి బడికి వెళ్లాక గానీ మనసు కుదుటపడలేదు. మా వైపు నేలలో రాయి పుట్టదు. ఇదంతా కృష్ణా గోదావరులు తెచ్చి పోసిన ఒండ్రు. ఆ రెండు డెల్టాల మధ్య పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. చేపల చెరువు తవ్వితే బంకమట్టి, నత్తగుల్లలు. రాయి కావాలంటే లారీ ఎక్కి రావాల్సిందే. పిల్లలు తెచ్చినవీ అలా వచ్చినవే: రోడ్డు పక్క కుప్పలోని నల్ల కంకర, ద్వారకా తిరుమల వైపు ఎర్ర గ్రావెల్, ఎవరి బంధువులో తెచ్చిచ్చిన మంగంపేట ముగ్గురాయి.

పద్ధతి తేలికే. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి అంకెను సున్నాకు తెచ్చుకోవాలి. ముందే పొడిగా తూచిన రాయిని దారంతో కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీళ్లలో వేలాడదీయాలి. కాటా ఎన్ని గ్రాములు చూపిస్తే రాయి అన్ని ఘన సెంటీమీటర్లు. పొడి బరువును దాంతో భాగిస్తే సాంద్రత. ఆర్కిమిడీస్ చెప్పింది ఇదే.

ముగ్గురాయి చేతిలో పడగానే పిల్లలు ఉలిక్కిపడ్డారు. సాంద్రత 4.2. చమురు బావి తవ్వేటప్పుడు బురదలో ఈ పొడి కలుపుతారు. ఆ బురద బరువే కిందనుంచి తన్నుకొచ్చే గ్యాస్‌ను అణిచి ఉంచుతుంది. కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ చమురు బావుల మాట వింటూ పెరిగే పిల్లలకు అది ఊరి సంగతే.

తర్వాత గ్రావెల్. 120 గ్రాముల ముక్క. నీళ్లలో దించగానే కాటా 55 చూపించింది. బుడగలు లేస్తున్నాయి, అంకె జారుతోంది: 54, 52... ‘మాస్టారూ, ఇది నీళ్లు తాగేస్తోందండీ!’ అంది ఒకమ్మాయి. 48 దగ్గర ఆగింది. 2.2 అనుకున్నది 2.5 అయింది. రాతి సందుల్లోని గాలి కళ్లముందే బయటికొచ్చింది.

పట్టికలు దాచేయండి అని ఇక్కడే ముగించేవాణ్ణి, నల్ల కంకర లేకపోతే. అది బసాల్టు. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లోంచి వస్తుంది. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటి లావా. పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని చాలామంది భూగర్భ శాస్త్రవేత్తల అభిప్రాయం. ఒక గుంపుకు 2.9 వచ్చింది. రెండో గుంపుకు 2.6. మళ్లీ తూచారు, 2.6. నానబెట్టినా అంతే. ఆ గుంపు సంతోషంగా రాసేసుకుని లేవబోతుంటే మాస్టారు పట్టిక తెరిచారు. బసాల్టు: 2.8 నుంచి 3.0.

‘మరి మనది ఎందుకు తేలిందిరా?’

సమాధానం కోసం సుత్తి తెచ్చారు. పగలగొడితే లోపల చిన్న చిన్న గుల్లలు. లావా చల్లబడేటప్పుడు లోపల చిక్కుకున్న గ్యాస్ వదిలిన ఖాళీలు. బయటికి దారి లేనివి, కాబట్టి నీళ్లూ చేరలేదు. పట్టిక లేకపోతే 2.6 ఒక అంకెగానే మిగిలేది. ఆ రాయిని ఎవరూ పగలగొట్టేవారు కాదు.

కాబట్టి ఈ వారం నేను పట్టిక పక్షం. కాకపోతే కాటా తర్వాతే అది తెరవాలి. రికార్డులో మూడు గళ్లు గీయించండి: నాకు వచ్చింది, పుస్తకంలో ఉన్నది, తేడా ఎందుకు. మార్కులన్నీ మూడో గడికి ఇవ్వండి. మొదటి గడిలో అబద్ధం రాయాల్సిన అవసరం ఏ పిల్లవాడికీ ఉండదు.